మూడో ఫొటోకి వేసిన అద్దం

అద్దం ఎంచుకోవడానికి వచ్చే మనుషుల్ని అద్దాలావిడ రెండు జాతులుగా విడదీసి పెట్టుకుంది. మొదటి జాతి వాళ్ళు వేలి కణుపుతో అద్దాన్ని టకటకా కొట్టి, "గట్టిదేనా?" అంటారు, రేపు దాని మీద పిల్లల్ని గెంతించబోతున్నట్టు. రెండో జాతి వాళ్ళు అద్దాన్ని ఎత్తి పట్టుకుని, అందులో తమ ముఖం చూసుకుని, జుట్టు సవరించుకుని, "ఇది బాగుందండీ" అంటారు. అద్దం వెనక ఉండబోయే ఫొటో ఎలా కనిపిస్తుందన్నది రెండు జాతుల్లోనూ ఎవరికీ పట్టదు.

ముప్ఫై రెండేళ్ళుగా ఆవిడ ఫొటోలకి ఫ్రేములు కడుతోంది. అసలు పేరు వీధిలో సగం మందికి తెలియదు. ముందు గది కొట్టు, వెనక గదిలో తనూ అక్కా ఉంటారు. కొట్లో గోడకి చెక్క పట్టీలు చేరేసి ఉంటాయి. బల్ల మీద మందపాటి దుప్పటి, దాని మీద గాజు కోసే కట్టరు, పక్కన కిరోసిను సీసా, మేకుల డబ్బా. ఆ బల్ల వెనక నిలబడి వచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ మనసులో తూకం వేస్తుంది. ఒక్కడూ సరిగ్గా తూగడు.

బతికున్నన్నాళ్ళూ తండ్రిని పలకరించని కొడుకు, ఆయన పోయాక బంగారు రంగు ఫ్రేము కావాలంటాడు. పెళ్ళి ఫొటోలో భర్త పక్కనున్న ఆడపడుచుని కత్తిరించగలరా అని ఒకావిడ గుసగుసగా అడుగుతుంది. వీళ్ళనైనా అద్దాలావిడ భరిస్తుంది గానీ, "ఫొటోకీ అద్దానికీ మధ్య ఆ సందెందుకండీ, దుమ్ము దూరడానికా?" అనేవాళ్ళంటే ఒళ్ళు మండుతుంది. ఫొటో అద్దాన్ని ఆనుకుంటే వానాకాలం చెమ్మకి అతుక్కుపోతుంది. పదేళ్ళ తర్వాత విప్పితే తండ్రి ముఖం అద్దంతో పాటు ఊడొస్తుంది. అందుకే ఫొటో చుట్టూ మందపాటి అట్ట చట్రం వేసి, అద్దాన్ని ఎడంగా ఉంచాలి. ఇది ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆవిడ చెప్పడం మానేసి చాలాకాలమైంది. "మీకు తెలుసా, నాకు తెలుసా?" అని ఒక్క మాట అడిగి, వాళ్ళు నీళ్ళు నములుతుంటే తన పని తను చేసుకుపోతుంది.

ఇలా అందర్నీ తీసిపారేసే బుద్ధిలో పెద్ద వాటా మాత్రం ఇంట్లోనే ఖర్చయ్యేది, అక్క మీద.

అక్క ఆరేళ్ళు పెద్ద. పంతొమ్మిదో ఏట, అప్పుడే కొత్తగా పెట్టిన కంటి ఆసుపత్రిలో కట్టుగుడ్డలు ఉతికే పనికి చేరింది. రెండేళ్ళు చేసింది. ఆ రెండేళ్ళ నుంచి అక్క మూటగట్టి తెచ్చుకున్నది ఒకే ఒక్క కథ.

"మొట్టమొదటి ఆపరేషను. పట్టపగలే మబ్బు కమ్మేసి చీకటైపోయింది, కరెంటు పోయింది. రోగి బల్లెక్కాడు, కంటికి మందేశారు, ఇంక ఆపడానికి లేదు. పెద్దడాక్టరు గారు లాంతరు పట్టుకోమని వాళ్ళావిడకి ఇచ్చారు. ఆవిడ కత్తి చూడగానే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకుంది. గుమ్మం దగ్గర గుడ్డలు పట్టుకుని నేనున్నాను. 'ఏమ్మా, చెయ్యి వణక్కుండా పట్టుకోగలవా?' అన్నారు. ముప్పావుగంట పట్టుకున్నా. పిడి కాలిపోతుంటే చేతికి ఉతికిన గుడ్డే చుట్టుకున్నా. అయినా ఇదిగో, ఇంత మచ్చ."

నలభై అయిదేళ్ళుగా అక్క ఈ కథ చుట్టాలకీ, పాలు పోసేవాడికీ, గ్యాసు బండ తెచ్చేవాడికీ మణికట్టు చూపించి మరీ చెబుతూనే ఉంది. చెల్లెలు ఏనాడూ నమ్మలేదు. ఆసుపత్రి వాళ్ళు అచ్చువేసిన చిన్న పుస్తకంలో లాంతరు పట్టింది పెద్దడాక్టరు గారి భార్యేనని స్పష్టంగా ఉంది. అక్కకి కోతలు కోయడం చిన్నప్పట్నుంచీ అలవాటే. ఒకసారి బావిలో పడ్డ దూడని ఒంటిచేత్తో పైకి లాగానంది. తీరా చూస్తే అది కుక్కపిల్ల. మణికట్టు మీది మచ్చ పాలగిన్నె దించుతూ కాల్చుకున్నదని చెల్లెలి నమ్మకం.

పైగా ఆవిడ ఒకసారి స్వయంగా వెళ్ళి చూసొచ్చింది కూడా. ముప్ఫై ఏళ్ళ కిందట, కళ్ళజోడు కోసం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, హాల్లో వేలాడుతున్న ఆ మొదటి ఆపరేషను ఫొటో ముందు నిలబడింది. వంగి పనిచేస్తున్న పెద్దడాక్టరు ఉన్నాడు. పడుకున్న రోగి ఉన్నాడు. పక్కన భార్య సగం కనిపిస్తోంది. ఆ పైన ఎడమవైపంతా నలుపు, దాని మీద ఎదుటి గాజు తలుపు మెరుపు. ఇంటికొచ్చి, "చూశానే అక్కా. అక్కడ నువ్వూ లేవు, నీ లాంతరూ లేదు" అంది.

అక్క, "సరిగ్గా చూశావా?" అంది.

"నేను చేసేది ఆ పనేగా. నాకు చూడ్డం నేర్పుతావా?"

ఆ రోజు నుంచి అక్క కథ ఎత్తుకోగానే "వచ్చిందమ్మా లాంతరు!" అనడం ఇంట్లో మామూలైపోయింది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. అక్క కూడా వాళ్ళతో పాటే నవ్వేసి, మిగతా కథ పూర్తి చేసేది.

ఈ ఏడు ఆసుపత్రి నలభై అయిదో వార్షికోత్సవానికి హాలుకి కొత్త రంగులు వేయిస్తూ, గోడ మీది పన్నెండు పాత ఫొటోలకి అద్దాలు మార్పించాలనుకున్నారు. అందుకో కమిటీ వేశారు. పెద్దడాక్టరు గారి కొడుకు అధ్యక్షుడు, అరవై ఏళ్ళొచ్చినా ఆయన్ని అందరూ చిన్నడాక్టరు గారనే అంటారు. మేనేజరు ఒకడు, రంగులు ఎంచే డెకరేటరు ఇంకొకడు. పన్నెండు అద్దాల కోసం ఈ ముగ్గురూ నాలుగుసార్లు సమావేశమయ్యారని విని అద్దాలావిడ పకపకా నవ్వింది. నాలుగు సమావేశాల్లో ఒక్కరంటే ఒక్కరు ఆ గోడ దగ్గరికి వెళ్ళి ఫొటో చూసిన పాపాన పోలేదు. కంటి ఆసుపత్రిలో కళ్ళకే కరువొచ్చిందని అక్కతో అంది కూడా.

ఫొటోలు కొట్టుకి తెచ్చుకుని ఒక్కొక్కటే విప్పింది. పాత పనివాడెవడో గానీ సందు సరిగ్గానే వదిలాడు, ఫొటోలు చెడలేదు. ఆవిడ మెచ్చుకోలేదు, తిట్టకుండా వదిలేసింది. మూడో ఫ్రేము వెనక మేకులు పీకి, అట్ట తీసి, అద్దం పక్కన పెట్టి, ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఎడమవైపు నలుపులో ఒక అమ్మాయి ఉంది.

రెండు చేతులూ పైకెత్తి లాంతరు పట్టుకుంది. వెలుగంతా రోగి కంటి మీదికి పడేలా లాంతరు వెనక రేకు అడ్డం ఉంది, అందుకే అమ్మాయి చీకట్లో ఉండిపోయింది. అయినా గడ్డం ఉంది, ముడుచుకున్న పెదాలున్నాయి, భుజం మీంచి ముందుకు పడిన జడ ఉంది. కుడి చేతికి మణికట్టు దాకా తెల్ల గుడ్డ చుట్టి ఉంది. పక్కన పెద్దడాక్టరు గారి భార్య ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ వైపు తిరిగి ఉంది.

అద్దాలావిడ భూతద్దం తెచ్చి ఆ గుడ్డని చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత పక్కన పెట్టిన పాత అద్దాన్ని ఫొటో మీద పెట్టి, వీధి గుమ్మం వైపు తిప్పి పట్టుకుంది. అమ్మాయి మాయమైంది. ఆమె ఉన్న చోట గుమ్మం, గుమ్మంలోంచి వీధి, వాటికి అడ్డంగా కళ్ళజోడు పెట్టుకున్న తన ముఖం కనిపించాయి.

ఆసుపత్రి హాల్లో ఆ ఫొటోకి ఎదురుగా పెద్ద గాజు తలుపుంది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ ఫొటో ముందు నిలబడి ఆవిడ చూసింది తన ముఖాన్నే. చెయ్యి అడ్డం పెట్టి ఒక్క అడుగు పక్కకి జరిగితే అక్క కనిపించేది. ఈ పని రానివాడికి తెలియకపోవచ్చు. ఆవిడకి అప్పటికే రెండేళ్ళ పనితనం ఉంది, నోటికి మాత్రం ఇరవై ఏళ్ళ పనితనం ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. స్టూలు లాక్కుని కూర్చుంది.

వెనక గదిలోంచి అక్క, "టీ పెట్టనా?" అని కేకేసింది.

"పెట్టు" అంది. "నీ మాట నిజమే అక్కా" అనడానికి నాలుగు మాటలు చాలు. కానీ ముప్ఫై ఏళ్ళు వెక్కిరించిన నోటికి ఆ నాలుగు మాటలూ మోయలేనంత బరువయ్యాయి. నోటితో ఎందుకు, పనితోనే చెబుతాననుకుంది. అక్క స్పష్టంగా కనిపించే అద్దం వేసి, ఆ గోడకి తగిలించి, వార్షికోత్సవం నాడు అక్కని ఆటోలో తీసుకెళ్ళి ఆ ఫొటో ముందు నిలబెడతాను. అప్పుడు తను ఏమీ అనక్కర్లేదు. ఆ ఉపాయం ఆవిడకి చాలా గొప్పగా తోచింది.

కమిటీ ముందుకి మూడు రకాల అద్దం ముక్కలు పాత పేపర్లలో చుట్టి తీసుకెళ్ళింది. మూడో ఫొటోని అట్ట చట్రంతో సహా బల్ల మీద పెట్టి, ఒక్కో ముక్కా దాని మీద పెట్టి చూపించింది.

"ఇది మామూలు ప్లెయిన్ గ్లాసు. ఎదురుగా ఉన్నదంతా ఇందులో కనిపిస్తుంది. ఇది మ్యాట్ గ్లాసు, పైన గరుకుంటుంది. మెరుపు రాదు గానీ, ఫొటోని ఆనుకుని ఉంటేనే బాగుంటుంది. మధ్యలో సందుంటే పొగ కమ్మినట్టు మసకేస్తుంది. ఈ ఫొటోలకి సందు వదలక తప్పదు. ఇది మూడోది, మెరుపు రాకుండా పూత పూసింది. చూడండి, అసలు అద్దం ఉన్నట్టే ఉండదు. ఫొటో చూడండి."

ఒక్కరూ ఫొటో చూడలేదు. మేనేజరు కణుపుతో మూడు ముక్కల్నీ టకటకా కొట్టాడు. డెకరేటరు ప్లెయిన్ గ్లాసులో మీసం చూసుకున్నాడు. ఇతగాడు హాలు గోడలకి నాలుగు రంగులు పూయించి, మళ్ళీ చెరిపించి, చివరికి మొదటి రంగే వేయించిన మేధావి. చిన్నడాక్టరు గారు, "అవతలి వీధి ఆసుపత్రిలో ఏది వేశారు?" అనడిగారు.

"దీని మీద వేలిముద్ర పడుతోందే!" అన్నాడు మేనేజరు, పూత ఉన్న అద్దం మీద బొటనవేలు రుద్ది. తను రుద్దితేనే పడిందన్న సంగతి ఆయనకి తట్టలేదు. గురివింద గింజకి తన కింది నలుపు కనబడదని అద్దాలావిడ పళ్ళు బిగించుకుంది.

"గరుకుదే బాగుంది" అన్నాడు డెకరేటరు. "కంటికి హాయిగా ఉంటుంది. కళ్ళాసుపత్రికి తగినట్టుంటుంది."

"మసకేస్తుందని చెప్పానండీ."

"కొంచెం మసగ్గా ఉంటేనే పాతకాలపు అందం వస్తుందమ్మా. అది మీకు తెలీదు."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట. సందు ఎందుకో తెలియనివాడు అందం గురించి చెబుతున్నాడు. "ఈ ఫొటోలో మా అక్క ఉందండీ" అని ఒక్క మాట చెప్పేద్దామా అనిపించింది. చెబితే, ఖరీదైన అద్దం అంటగట్టడానికి చుట్టరికం కలుపుతోందనుకుంటారు. పైగా అక్కకి చెప్పని మాట ఈ ముగ్గురికి ముందు చెప్పడమేమిటి? ముక్కలు మళ్ళీ పేపర్లలో చుట్టుకుంది. పన్నెండింటికీ మ్యాట్ గ్లాసే వేయాలని కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు.

ఆ వారం పదకొండు ఫొటోలకి వాళ్ళడిగిన అద్దమే కోసి బిగించింది. పదకొండూ ఆవిరి పట్టిన కిటికీలోంచి చూస్తున్నట్టు తయారయ్యాయి. వాళ్ళ ఖర్మ అనుకుంది. మూడోదానికి మాత్రం బీరువా వెనక గుడ్డలో చుట్టి దాచిన పలక తీసింది. పూత ఉన్న ఆ అద్దాన్ని ఏడేళ్ళ కిందట తెప్పించింది, తగిన ఫొటో వస్తే వేద్దామని. ఏడేళ్ళలో ఏ ఫొటో తగినదిగా కనబడలేదు, ఏ మనిషీ తగినవాడిగా కనబడలేదు. చేతులకి నూలు తొడుగులు వేసుకుని, పూత ఏ వైపు ఉందో చూసుకుని, కట్టరు కిరోసినులో ముంచి ఒకే గీత గీసింది. తుంచగానే చక్కగా విడింది. బిగించి గోడకి ఆనించింది. ఎటు తిప్పినా అమ్మాయి కనిపిస్తూనే ఉంది.

మంగళవారం సాయంత్రం పక్కింటావిడ ఇస్త్రీపెట్టె అడగడానికి వచ్చింది. ఈ మధ్యే ఆ ఇంట్లో దిగిన మనిషి, ఎవరేం చెప్పినా చెవి ఒగ్గుతుంది. ఆసుపత్రి వార్షికోత్సవం మాట రాగానే అక్క ఉల్లిపాయలు తరగడం ఆపి, "మొట్టమొదటి ఆపరేషను నాడు..." అని మొదలుపెట్టింది.

"వచ్చిందమ్మా లాంతరు!" అంది అద్దాలావిడ గుమ్మంలోంచి. "కూర్చోండి, కిరోసిను అయిపోయేదాకా ఆరదిది."

పక్కింటావిడ కిలకిలా నవ్వింది. అక్క కూడా నవ్వింది. అద్దాలావిడ నాలుక కరుచుకుంది. ఆ మాట తెలిసి అనలేదు, అలవాటు కొద్దీ జారిపోయింది. ఆమెకి మూడు అడుగుల దూరంలో, గుడ్డ కప్పిన ఫ్రేములో, చేతికి కట్టు కట్టుకుని అక్క లాంతరు పట్టుకునే ఉంది. ఇంకెన్ని రోజులు, శనివారమే కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది.

శుక్రవారం పొద్దున్న హాల్లో ఫొటోలు తగిలించింది. కమిటీ ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని పెళ్ళివారిలా తనిఖీకి వచ్చారు. ఒకటి, రెండు ఫొటోలు దాటి మూడోదాని దగ్గర మేనేజరు ఆగిపోయాడు.

"ఏమమ్మా, దీనికి అద్దం వేయడం మర్చిపోయావే!"

అంటూనే ఫొటో మీది నలకేదో దులపబోయాడు. బొటనవేలు అద్దానికి టక్కున తగిలింది. సరిగ్గా పెద్దడాక్టరు గారి నుదుటి మీద లావుపాటి వేలిముద్ర పడింది. హాల్లో కూర్చున్న రోగుల్లో ఒకరిద్దరు నవ్వారు. అద్దాలావిడ సంచీలోంచి మెత్తటి గుడ్డ తీసి ముద్ర తుడిచింది, ఆయన ముఖం వైపు చూడకుండా.

అప్పుడు ముగ్గురూ ఫొటో చూశారు. అయిదు సమావేశాల తర్వాత అదే మొదటిసారి. చిన్నడాక్టరు గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"దీనికి మిగతావాటి అద్దమే వేసెయ్యండి" అన్నారు నెమ్మదిగా. "చూసేవాళ్ళు తికమకపడతారు."

"తికమకేముందండీ? కనిపించేదే కనిపిస్తోంది. ఇది కంటి ఆసుపత్రి, చూపు తగ్గించే అద్దం నాచేత వేయించకండి."

"ఏడాదికోసారి నేనే మైకు ముందు చెబుతానమ్మా, మా అమ్మ లాంతరు పట్టిందని."

డెకరేటరు గొంతు సవరించుకున్నాడు. "నిజానికి ఇలాంటి అద్దమే బాగుంటుందని నేను మొదట్నుంచీ అంటున్నాను. మిగతావి కూడా ఇలాగే మార్పించేద్దాం" అన్నాడు. అద్దాలావిడ ఆ నాలుక నైపుణ్యానికి ముచ్చటపడింది. ఎండ ఎటుంటే అటు గొడుగు పట్టే ఇలాంటి మనిషి కూడా ఒక్కోసారి పనికొస్తాడు.

అంతలో బెంచీ మీంచి ఒక ముసలాయన లేచొచ్చాడు. ఒక కంటికి కట్టుంది, ఆపరేషనైన రెండో కంటి కట్టు విప్పి అరగంటైంది. చూపు ఎలా ఉందో పరీక్షించుకోవడానికి కనిపించినదల్లా చూసుకుంటూ వస్తున్నాడు. మూడో ఫొటో ముందు ఆగి, వేలెత్తి చూపించాడు.

"ఈ లాంతరు పట్టుకున్న పిల్ల ఎవరండీ? చేతికి దెబ్బ తగిలిందా ఏంటి, కట్టు కట్టుకుంది."

హాల్లో అందరూ అటు చూశారు. ఇద్దరు ముగ్గురు లేచి దగ్గరికొచ్చారు. ఇక ఆ అద్దం మార్చడం ఎవరి తరమూ కాదని చిన్నడాక్టరు గారికి అర్థమైంది. "తెలీదండీ" అన్నారు.

"నాకు తెలుసు" అంది అద్దాలావిడ. అక్క పేరు చెప్పింది. ఆ హాల్లో ఆ పేరు పైకి వినబడటం అదే మొదటిసారి.

చిన్నడాక్టరు గారు ఆవిడ్ని గుమ్మం దాకా సాగనంపారు. మనిషి బాగా చిన్నబోయాడు. "మా అమ్మ అలాగే చెప్పేదమ్మా, నేను నమ్మాను" అన్నారు. "ఇంట్లోవాళ్ళ మాట నమ్మకపోతే ఎలా చెప్పండి?"

కమిటీ మొత్తంలో ఇప్పటిదాకా ఆవిడకి తగిలేలా మాట్లాడినవాడు లేడు. ఈయన తెలియకుండానే తగిలించాడు. ఇంటిదారి పట్టింది.

అక్క వెనక గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అద్దాలావిడ శనివారం దాకా ఆగలేకపోయింది.

"అక్కా, రేపు నాతో ఆసుపత్రికి రావాలి. ఆటో మాట్లాడతాను. ఆ ఫొటోకి కొత్త అద్దం వేశాను. ఎటునుంచి చూసినా నువ్వు కనిపిస్తావు. లాంతరూ, చేతికి చుట్టిన గుడ్డా, జడా, అన్నీ. హాల్లో అందరి ముందూ నీ పేరు చెప్పాను."

అక్క మడత ఆపలేదు. "ఎప్పుడు చూశావు?"

"అద్దం తీసినప్పుడే. మూడు వారాలైంది."

అక్క చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"మూడు వారాలా? మరి పక్కింటావిడ ఇస్త్రీపెట్టెకి వచ్చింది మొన్న మంగళవారమేగా."

అద్దాలావిడ సాయంగా మడతపెట్టబోయిన చీరని అక్క తనవైపు లాక్కుంది.

"ముప్ఫై ఏళ్ళు నవ్వావంటే, తెలియక నవ్వావు. సరే, పోనీ అనుకున్నాను. నేను కూడా నవ్వేదాన్ని, లేకపోతే ఇంట్లో ఉండలేను కాబట్టి. మంగళవారం తెలిసి కూడా నవ్వించావే, దాన్నేమనుకోను?"

"అలవాటులో వచ్చేసిందే అక్కా. చెప్పేకన్నా చూపిద్దామని..."

"నాకు చూపించేదేంటే? నేనక్కడ ఉన్నానని నాకు తెలియదా?" అక్క గొంతు పెంచలేదు. "నలభై అయిదేళ్ళు నా నోటి మాట నీకు చాల్లేదు. అద్దం చెబితే నమ్మావు. నేను రాను. నువ్వే ఇంకోసారి వెళ్ళి తీరిగ్గా చూసిరా. ఈసారి నీ ముఖం అడ్డం రాదుగా."

అక్క ఇంత తేటగా మాట్లాడగలదని ఇంతకాలం అద్దాలావిడకి తెలియదు. "ఏం చెయ్యమంటావు చెప్పు" అంది.

"పక్కింటావిడ దగ్గరికెళ్ళి చెప్పు. ఫొటో చూపించి కాదు. నోటితో."

అంతేనా అనుకుంది అద్దాలావిడ. వీధి గుమ్మం దాటి, పక్కింటి మెట్లెక్కి, తలుపు కొట్టింది. వెనక, తమ గుమ్మంలో అక్క తువ్వాలు భుజాన వేసుకుని నిలబడిందని తిరిగి చూడకుండానే తెలుస్తోంది. పక్కింటావిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది.

"ఏమండీ, మా అక్క లాంతరు సంగతి..." అని మొదలుపెట్టింది అద్దాలావిడ.

ఆ మాట పూర్తి కాకముందే పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.